నెగటివ్ పట్టీ కింద నిమ్మ గింజ

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి సంవత్సరం, భాద్రపద మాసంలో నాకు ఆ పని అప్పగించారు. అప్పటికి నేను వడమాలపేట దగ్గర ఒక ప్రైవేటు పాల డెయిరీ వాహనాల షెడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్‌ని, గ్రేడ్ వన్. ఆ పైన ఉన్నది ఫోర్‌మన్ పదవి. దానికి ఐటీఐ సర్టిఫికెట్టు కావాలి. నాకు లేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసి, కాట్పాడిలో ఒక లారీ షెడ్డులో అయిదేళ్లు పాత వైర్లు ఒలిచి, కంపెనీ పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి నేర్చుకున్నవాణ్ణి. సర్టిఫికెట్టు ఉన్న ముగ్గురు ఫోర్‌మన్లకు సర్క్యూట్ బొమ్మ చదవడం నేనే నేర్పాను. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

పని ఇది. ఊళ్లకు పోయి పాలు పోయించుకొచ్చే పికప్ బండ్లు ఆరు ఉండేవి. అంతవరకూ పాలు డెయిరీకి వచ్చాక పరీక్ష చేసేవారు. ఇక మీదట ఇంటి ముందరే, పోసిన వెంటనే పరీక్ష చేసి చీటీ చేతికి ఇవ్వాలని యాజమాన్యం నిర్ణయించింది. అందుకోసం ప్రతి బండి వెనక భాగంలో పాల పరీక్ష యంత్రం, తూకం, చీటీ ముద్రించే చిన్న ప్రింటరు, పనికి సరిపడా లైటు పెట్టాలి. బండి యాడ ఉందో చెప్పే పరికరం ఒకటి. డ్రైవరుకు ఒక ఫ్యాను. ఇవన్నీ పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడవాలి.

చాలామంది మెకానిక్కులు ఇలాంటి పనిని అరగంటలో చేస్తారు. కంపెనీ ఇచ్చిన ఫ్యూజు పెట్టెలో ఏ హారను తీగనో గోకి, దానికి కొత్త తీగ చుట్టి, పైన టేపు వేస్తారు. బండి తగలబడితే కర్మ అంటారు. ఇట్లాంటి పనులు చూసి చూసి నాకు ఒళ్లు మండేది. బండితో వచ్చిన ఫ్యూజు పెట్టె ఆ బండి సొంత అవసరాలకు లెక్క కట్టి పెట్టింది. కొత్త సామాను పెట్టుకుంటే దానికి వేరే పెట్టె పెట్టాలి. దాన్నే ఆక్సిలరీ ఫ్యూజు బ్లాకు అంటారు. బ్యాటరీ నుంచి ఒకే ఒక్క లావు తీగ ఆ బ్లాకుకు వస్తుంది. అక్కడి నుంచి ఒక్కో సామానుకు ఒక్కో ఫ్యూజు గుండా చీలిపోతుంది. ఒకటి కాలితే ఒకటే ఆగుతుంది, తక్కినవి నడుస్తాయి.

మొదటి బండిని నేనే స్వయంగా కట్టాను. దాని డ్రైవరు ఏసురత్నం, కార్వేటినగరం రూటు. బ్యాటరీ ప్లస్ నుంచి పది స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి తీగ లాగి, బ్యాటరీకి జానెడు లోపలే యాభై ఆంపియర్ల మెయిన్ ఫ్యూజు పెట్టాను. ఆ జానెడు లెక్క ఎందుకంటే, మెయిన్ ఫ్యూజుకు ముందున్న తీగకు రక్షణ ఉండదు. అది ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. ఇనుప గోడలో చిల్లి పెట్టిన చోట, అంచుకు తీగ ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్ తొడిగాను. బ్లాకు పక్కనే ఒక ఇత్తడి పట్టీ ఉంటుంది. సామాన్లన్నిటి నెగటివ్ తీగలు ఆ పట్టీకి చేరతాయి. అక్కడి నుంచి ఒకే లావు తీగ చాసిస్ బోల్టుకు పోతుంది. దాన్నే ఎర్త్ అంటాము. బోల్టు కింద రంగును ఉప్పు కాగితంతో ఇనుము తెల్లగా కనబడేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించాను. జనం ప్లస్ గురించి భయపడతారు, నెగటివ్‌ను పట్టించుకోరు. పోయిన కరెంటు తిరిగి రావడానికి దారి సరిగా లేకపోతే పోయి ఏం లాభం?

ఆ బండికి రెండు రోజులు పట్టింది. రూట్ సూపర్వైజరు దామోదరం రోజుకు రెండుసార్లు వచ్చి గడియారం చూసుకుని పోయేవాడు. డిప్లొమా చదివినవాడు, ముప్పై ఏళ్లు ఉంటాయి. రెండో రోజు సాయంత్రం, "ఏం పెద్దాయనా, బండి కడతా ఉండావా, కోట కడతా ఉండావా?" అన్నాడు. జాబ్ కార్డు మీద సంతకం పెట్టి ఇచ్చాను.

తక్కిన అయిదింటినీ నేను గీసిచ్చిన బొమ్మ ప్రకారం కుర్రవాళ్లు కట్టారు. పనంతా ఆయుధ పూజకు ముందు రోజుకు అయిపోయింది.

మా షెడ్డులో ఆయుధ పూజ పెద్దగా జరిగేది. స్పానర్ల దగ్గర నుంచి గ్రీజు గన్ను దాకా కడిగి, వరుసగా పరిచి, చందనం కుంకుమ పెట్టేవాళ్లం. పూజ చేసేది ఎప్పుడూ నేనే. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి. ఆ ఏడు మొదటి బండిని మధ్యలో నిలబెట్టారు. కొత్త పని కదా, అందరూ చూడాలని నేను బ్లాకు మీది మూత కూడా తీసిపెట్టాను. పన్నెండు ఫ్యూజులు ఎర్రగా, నీలంగా, పచ్చగా కనబడుతున్నాయి. మనసుకు గర్వంగా ఉండింది, కాదనను. ఏసురత్నం క్రైస్తవుడు. పక్కన చేతులు కట్టుకుని నిలబడి, "మామా, నేను ప్రార్థన చేసుకునే బండెక్కతా. నిమ్మకాయ సంగతి నువ్వు సూసుకో" అని నవ్వాడు. నేను చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. ఇంకొకటి రెండు చెక్కలుగా కోసి, కుంకుమ అద్ది, ఒక చెక్కను రేడియేటరు మీద, రెండో చెక్కను ఆ ఇత్తడి పట్టీ మీద పెట్టాను. ఫ్యూజుల మీద పెడితే జారిపోతోంది. పట్టీ మీద కుదురుగా నిలబడింది.

మరుసటి రోజు పొద్దున చెక్క తీసేసి, పట్టీ పైన గుడ్డతో తుడిచి, మూత బిగించాను.

తుడిచింది పైన. ఆ మాట గుర్తు పెట్టుకోండి.

ధనుర్మాసం వచ్చింది. ఒకరోజు ఏసురత్నం లైటు బల్బు మార్పించుకోవడానికి షెడ్డుకు వచ్చి, పని జరుగుతుండగా మునెమ్మ పేరు బోర్డు మీద రాసినారని చెప్పాడు.

ఈ బోర్డు సంగతి చెప్పాలి. ప్రతి ఊళ్లోనూ పాలబండి ఆగే చోట గోడకు ఒక నల్లబల్ల ఉండేది. బండి వేళలు, వెన్న శాతాన్ని బట్టి ధర దాని మీద రాసేవారు. ఒకరి పాలు వరుసగా మూడు రోజులు తక్కువ చూపిస్తే వాళ్ల పేరు ఆ బల్ల మీద "నీళ్ల పాలు" అన్న మాట కింద రాయాలని, పాలు తీసుకోవడం ఆపాలని దామోదరం ఒక నియమం తెచ్చాడు. ఊరంతా ఆ దారినే పోతుంది. బడికి పోయే పిల్లలు కూడా కూడబలుక్కుని చదువుతారు.

మునెమ్మది కార్వేటినగరం అవతల ఒక చిన్న పల్లె. యాభై ఏళ్ల మనిషి, ఒంటరిది, ఒక్క ఆవు. ఆ రూటులో డెయిరీకి మొట్టమొదట పాలు పోసినవాళ్లలో ఒకతె. నేను నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాస్తాను: ఏసురత్నం చెప్పినప్పుడు నేను కూడా, "పోస్తే పోసిందేమో, చలికాలం ఆవు తక్కువిస్తే చెంబెడు నీళ్లు కలిపి ఉంటుంది" అన్నాను.

ఏసురత్నానికి కోపం వచ్చింది. "నువ్వు గూడా అట్లనే మాట్లాడితే యాడికి పోవల్ల మామా? నా కండ్ల ముందరే పిండతాది. పిండిన చెంబు నేరుగా నా చేతికిస్తాది. నీళ్లు యాడ కలిపేది, ఆవు కడుపులోనా?"

కళ్ల ముందు ఎందుకు పిండుతుందని అడిగాను. ఆ ఆవు పొగరుది, బండి చప్పుడు వింటే పాలు చేపదట. బండి పోయినాక పిండితే పాలు మిగిలిపోతాయి. అందుకని ఏసురత్నం ఆమె ఇంటి మలుపులోనే ఇంజను ఆపేసి, వాలులో బండిని దొర్లించుకుంటూ వచ్చి నిలబెట్టి, ఆమె పిండేదాకా కాచుకుంటాడట. తక్కిన ఇళ్ల దగ్గర ఇంజను నడుస్తూనే ఉంటుంది.

నా చేతిలో బల్బు అట్లాగే ఉండిపోయింది. రూటు మొత్తంలో ఇంజను ఆపే ఇల్లు ఒక్కటే. పాలు తక్కువ చూపిన ఇల్లూ ఒక్కటే.

ఇంజను నడుస్తున్నంతసేపు ఆల్టర్నేటరు పద్నాలుగు వోల్టులు ఇస్తుంది. ఆగితే బ్యాటరీ ఒక్కటే దిక్కు, పన్నెండున్నర. దారిలో ఒకటిన్నర వోల్టు ఎక్కడైనా కారిపోతూ ఉంటే, ఇంజను నడిచేటప్పుడు యంత్రానికి తెలియదు. ఆగితే పదకొండుకు పడిపోతుంది. పాల పరీక్ష యంత్రం లోపల ఒక చిన్న హీటరు ఉంటుంది. నమూనాను గోరువెచ్చగా చేసి అప్పుడు కొలుస్తుంది. వోల్టు పడిపోతే హీటరు సరిగా కాగదు. తెల్లవారక ముందు మొబ్బున, చలిలో, పాలు చల్లగానే కొలతకు పోతాయి. లెక్క తప్పుతుంది.

ఈ మాట దామోదరానికి చెప్పాను. అతను అప్పటికే చూశానన్నాడు. ఎట్లా చూశారని అడిగితే, బండి షెడ్డులో ఉండగా, ఏ సామానూ వేయకుండా, బ్లాకు దగ్గర మీటరు పెట్టానన్నాడు. పన్నెండున్నర చూపిందట. "సరిగా ఉంది" అని రాసేశాడు. బరువు కట్టకుండా తాడు గట్టిదని చెప్పినట్టు. లోడు లేనప్పుడు కరెంటే పారదు, పారనప్పుడు ఎక్కడా వోల్టు పడదు. ఇది పదో తరగతి పుస్తకంలో ఉంటుంది. నేను పదో తరగతి చదవలేదు, అయినా నాకు తెలుసు. అతను డిప్లొమా చదివాడు.

నియమం ప్రకారం పోసినవాళ్లు ఒప్పుకోకపోతే నమూనాకు సీలు వేసి డెయిరీకి తెచ్చి, పాత పద్ధతిలో యాసిడ్ పోసి గాజు గొట్టంలో పరీక్ష చేయాలి. మునెమ్మ ఆ పరీక్ష అడిగిందని, "మిషను అబద్ధం చెప్పదమ్మా" అని దామోదరం పంపించేశాడని ఏసురత్నమే చెప్పాడు. అబద్ధం చెప్పేది ఆమేనని అర్థం.

మరుసటి రోజు మొబ్బుతో ఏసురత్నం బండిలో నేనూ పోయాను. దామోదరాన్ని కూడా రమ్మన్నాను. రానన్నాడు. రాకపోతే మీరు లోడు లేకుండా చూశారని మేనేజరుకు రాసిస్తానన్నాను. వచ్చాడు, మోటారు సైకిలు మీద.

మునెమ్మ మమ్మల్ని చూసి లేవలేదు. ఆవు దగ్గర కూర్చునే, "మళ్ల ఎందుకొచ్చినారు? బోర్డు మీద పేరు రాసినారు. ఇంగేమి రాయల్ల, ఇంటి మిందనా?" అంది. నేను ఒక చెంబు పాలు కావాలన్నాను. "తీసుకోండి. పిండేది రొంత దగ్గరికొచ్చి సూడండి. ఈ సార్‌ను పొదుగు కాడనే కూసోబెట్టు" అంది. దామోదరం దూరంగానే నిలబడ్డాడు.

ఒకే చెంబు పాలు. ఇంజను ఆపి, లైటు, తూకం, ప్రింటరు అన్నీ వేసి పరీక్ష చేశాం. వెన్న రెండు పాయింట్ తొమ్మిది. పిండడం అప్పటికే అయిపోయింది కాబట్టి ఇంజను నడిపి, అదే చెంబులో పాలు కలియబెట్టి మళ్లీ పరీక్ష చేశాం. నాలుగు పాయింట్ ఒకటి. మూడోసారి ఇంజను ఆపి చేశాం. మళ్లీ మూడు లోపే.

నేను మీటరు తీసి ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇత్తడి పట్టీ మీద పెట్టాను. రెండూ నెగటివే కాబట్టి అక్కడ దాదాపు ఏమీ చూపకూడదు. పాయింట్ రెండు దాటితే తప్పు ఉన్నట్టు. ఒకటిన్నర చూపింది.

పట్టీ బోల్టు అక్కడే విప్పాను. పైన ఇత్తడి తళతళలాడుతోంది, నేను తుడిచిందే కదా. తీగ చివరి రింగును లగ్గు అంటాము. ఆ లగ్గు కింద మాత్రం చిలుము, పచ్చగా, పొక్కులు పొక్కులుగా. కుంకుమ ఎండి గోధుమ రంగు పెచ్చులు కట్టింది. ఆ పెచ్చుల్లో అతుక్కుని ఒక నిమ్మ గింజ.

ఏసురత్నం వంగి చూశాడు. దామోదరం, "ఇదేంది?" అన్నాడు. నిమ్మ గింజ అన్నాను. నేను పెట్టిన నిమ్మ చెక్క రసం కారి లగ్గు కిందికి దిగింది. పులుపు ఇత్తడిని తింటుంది. చింతపండుతో రాగి చెంబు తోమే ప్రతి ఆడమనిషికీ తెలిసిన సంగతి. నలభై ఏళ్లు ఈ పని చేసి నేను మరిచిపోయాను. మరిచిపోయానా, దేవుడి పనిలో అది లెక్కకు రాదనుకున్నానా, నాకే తెలియదు. రెండూ క్షమించదగినవి కావు.

అక్కడే గీకి, కడిగి, కొత్త లగ్గు వేసి బిగించాను. ఇంజను ఆపి పరీక్ష చేస్తే నాలుగు పాయింట్ ఒకటి. మునెమ్మ చీటీ తీసుకుని చదవకుండానే కొంగుకు ముడి వేసుకుంది. బోర్డు మీద పేరు ఎప్పుడు చెరుపుతారని అడిగింది. దామోదరం, మేనేజరును అడగాలని చెప్పి మోటారు సైకిలు ఎక్కాడు.

ఆ మధ్యాహ్నం మేనేజరు మమ్మల్ని పిలిపించాడు. తప్పు దొరికింది, సరిచేశావు, మంచిది అన్నాడు. మునెమ్మ పాలు రేపటి నుంచి తీసుకుంటామన్నాడు. బోర్డు నెలాఖరుకు ఎట్లాగూ కడుగుతారు, అప్పుడు పేరు పోతుందన్నాడు. ఇప్పుడు ప్రత్యేకంగా పోయి చెరిపితే యంత్రం తప్పని ఒప్పుకున్నట్టు అవుతుంది, రేపు ప్రతివాడూ చీటీ పట్టుకుని వస్తాడు అన్నాడు. నన్ను జాబ్ కార్డు మీద "సాధారణ తనిఖీ" అని రాయమన్నాడు.

నెలాఖరుకు ఇంకా పద్దెనిమిది రోజులు. పద్దెనిమిది రోజులు ఒక మనిషి దొంగగా గోడ మీద వేలాడాలి, ఎందుకంటే గోడ కడిగే రోజు రాలేదు. నేను అదే అన్నాను. అతను నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. జాబ్ కార్డు మీద జరిగింది జరిగినట్టు రాశాను: నెగటివ్ పట్టీ లగ్గు కింద చిలుము, కారణం పూజలో పెట్టిన నిమ్మ చెక్క, పెట్టినవాడు నేను, పాల కొలత తప్పు, పోసినవారి తప్పు లేదు. కింద సంతకం.

దామోదరం వరండాలో నన్ను ఆపి, "నీ పేరు నువ్వే పాడుచేసుకుంటా ఉండావే పెద్దాయనా, నీకేం వచ్చె?" అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు. నాకు అతని మీద అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది ఆ ప్రశ్నకే.

మరుసటి రోజు సెలవు పెట్టి, బస్సెక్కి, సాయంత్రం పాలు పోసే వేళకు ఆ పల్లె చేరాను. పొద్దున ఇంటింటికీ పోయే బండి సాయంత్రం బోర్డు దగ్గరే ఆగుతుంది. అక్కడ ముప్పై మందిదాకా చెంబులు పట్టుకుని నిలబడి ఉన్నారు. మునెమ్మ వాళ్లలో లేదు, అరుగు మీద వేరుగా కూర్చుని ఉంది. చిలుము పట్టిన పాత లగ్గును, ఆ గింజను కాగితంలో పొట్లం కట్టి తెచ్చాను. అందరికీ చూపించాను. లగ్గు అంటే ఏమిటో, వోల్టు ఎట్లా పడుతుందో చెప్పాను. సగం మందికి అర్థం కాలేదనుకుంటాను. ఒక ముసలాయన మాత్రం గింజను వేలితో తిప్పి చూసి, "అయితే బండికి కడుపునొప్పి, మందేమో మునెమ్మకా" అన్నాడు. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బోర్డు మీద ఆమె పేరు నా తువ్వాలుతో చెరిపాను. ఆ ఖాళీలో, "నీళ్ల పాలు" కిందనే, సుద్దముక్కతో నా పేరు రాశాను. దాని పక్కన "పాలు మంచివే, బండి ఎర్త్ తప్పు" అని రాశాను.

మునెమ్మ అరుగు దిగి వచ్చి చూసింది. ఆమెకు చదువు రాదు. పక్కనున్న పిల్లను అడిగి చదివించుకుంది. తర్వాత నన్ను అడిగింది, "ఆ నిమ్మకాయ పెట్టింది ఎవురన్నా?"

నేనేనన్నాను.

"దిష్టి తీసింది నీ బండికి, తగిలింది నాకు" అంది. తిట్టినట్టుగా అనలేదు. కొలత చదివినట్టు అంది. ఆపైన చెంబు తీసుకుని వరుసలోకి పోయి నిలబడింది, అందరికంటే ముందర. ఎవరూ అడ్డం చెప్పలేదు.

నాకు మెమో వచ్చింది: అనుమతి లేకుండా డెయిరీ బోర్డు మీద రాసినందుకు. జవాబులో జాబ్ కార్డు నకలు జత చేశాను. రెండో మెమో రాలేదు. నా పేరు బోర్డు మీద నెలాఖరుదాకా ఉండిందని ఏసురత్నం చెప్పాడు. చెరపడానికి దామోదరం పోయినాడట, ఊళ్లోవాళ్లు ఒప్పుకోలేదట. నెలాఖరుకు కడిగేస్తారు కదా సార్, అప్పటిదాకా ఉండనీండి అన్నారట. ఆ నియమం మరుసటి నెల నుంచి ఎత్తేశారు. ఎందుకు ఎత్తేశారో కాగితం మీద రాయలేదు. మునెమ్మకు క్షమాపణ ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ల తర్వాత నేను రిటైరయ్యాను.

ఈ పని నేర్చుకునేవాళ్లకు చెప్పేది రెండు మాటలు. లోడు వేయకుండా తీసిన కొలత కొలత కాదు, దాని మీద ఆధారపడి ఏ మనిషినీ ఏమీ అనకూడదు. రెండోది, నిమ్మకాయ చక్రం కిందనే పెట్టండి. బండి పైన ఎక్కడ పెట్టినా, పూజ మరుసటి రోజు మొదటి పనిగా నెగటివ్ పట్టీ బోల్టు విప్పి లగ్గు కింద చూడండి, పైన తుడిచి ఊరుకోకండి. ఈ రెండో మాటను తనిఖీ పట్టికలో ఒక వరుసగా ముద్రించమని ఉద్యోగంలో ఉండగా మూడుసార్లు రాసిచ్చాను. ముద్రించలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.